బల్బు తరవాత బ్యాటరీ: ఎడిసన్ జీవితంలో ఒక పదేళ్లు

థామస్ ఆల్వా ఎడిసన్ పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి విద్యుత్ బల్బు, ఫోనోగ్రాఫ్. ఆయన తన 52వ ఏట మొదలుపెట్టి, పదేళ్లపాటు సొంత డబ్బు లక్షల డాలర్లు పోసి చేసిన ఇంకో పని ఉంది. బండిని నడిపే బ్యాటరీ తయారు చేయడం. ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించదు. మేము పదకొండో తరగతిలో ఎలక్ట్రిక్ సైకిళ్ల మోటార్లనీ బ్యాటరీలనీ పోల్చే ప్రాజెక్టు చేశాం. కంపెనీలు కాగితం మీద రాసే కిలోమీటర్లు ఒకటి, రోడ్డు మీద వచ్చే కిలోమీటర్లు ఇంకొకటి. ఆ తేడా ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే దారి ఎడిసన్ దగ్గరికి తీసుకెళ్లింది. అందుకే ఈ సంచికకు ఆయన జీవితం రాస్తున్నాం. బల్బు కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని త్వరగా దాటేసి, బ్యాటరీ దగ్గర ఎక్కువసేపు ఆగుతాం.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మిలాన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. బడిలో గడిపింది కొద్దికాలమే. చదువంతా తల్లి నాన్సీ ఇంట్లో చెప్పింది. పన్నెండేళ్లకే రైల్లో పత్రికలు, మిఠాయిలు అమ్మే పనిలో చేరి, సామాన్ల పెట్టెలో ఒక మూల రసాయనాల సీసాలు పెట్టుకుని ప్రయోగాలు చేసేవాడు. చిన్నప్పుడే వినికిడి చాలావరకు పోయింది. 1862లో మౌంట్ క్లెమెన్స్ స్టేషన్లో పట్టాల మీదికి వచ్చిన ఒక పసివాడిని పక్కకు లాగి కాపాడాడు. ఆ పిల్లవాడి తండ్రి స్టేషన్ మాస్టరు. కృతజ్ఞతగా ఆయన ఎడిసన్‌కి టెలిగ్రాఫ్ పని నేర్పాడు.

ఈ టెలిగ్రాఫ్ ఉద్యోగమే ఆయన్ని బ్యాటరీల మధ్యకు తెచ్చింది. అప్పటికి ఊళ్లలో కరెంటు లేదు. టెలిగ్రాఫ్ తీగలో పారే విద్యుత్తంతా గాజు పాత్రల్లోని ఆమ్లాల్లోంచీ లోహాల్లోంచీ రావలసిందే. లూయీవిల్ అనే ఊళ్లో రాత్రి షిఫ్టు చేస్తున్నప్పుడు, 1867లో, ఎడిసన్ ఒక బ్యాటరీతో ప్రయోగం చేస్తూ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒలకబోశాడు. అది చెక్క నేల సందుల్లోంచి కిందికి కారి, కింది అంతస్తులో ఉన్న పై అధికారి బల్ల మీద పడింది. తెల్లారేసరికి ఉద్యోగం ఊడింది. ఆమ్లం ఉన్న బ్యాటరీ అంటే ఆయనకి ఇష్టం లేకపోవడానికి శాస్త్రీయమైన కారణాలు తరవాత చాలా చెబుతారు కానీ, ఈ మొదటి కారణాన్ని కూడా కలుపుకోవచ్చని మాకనిపిస్తుంది.

1876లో మెన్లో పార్కులో ప్రయోగశాల, 1877లో ఫోనోగ్రాఫ్, 1879లో బల్బు, 1882 సెప్టెంబరు 4న న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్లో విద్యుత్ కేంద్రం. ఈ వరస మనకు కంఠస్థమే. వీటి మధ్యలో, 1880లో, ఆయన మెన్లో పార్కులోనే మూడో వంతు మైలు పొడవున పట్టాలు వేసి ఒక విద్యుత్ రైలింజను నడిపాడు. మోటారుకు కావలసిన కరెంటు పట్టాల్లోంచే అందేది. అంటే 1880 నాటికే మోటారు బండిని లాగగలిగింది. కరెంటును తీగ ద్వారానో పట్టా ద్వారానో అందిస్తూ ఉంటే మోటారుకు ఏ ఇబ్బందీ లేదు. 1895లో మద్రాసు వీధుల్లో ట్రాములు తిరగడం మొదలైంది కూడా అలాగే. మన దేశంలో విద్యుత్ ట్రాము మొదట నడిచింది అక్కడే. పట్టాలు లేని దారిలో వెళ్లాలంటేనే చిక్కు. అప్పుడు కరెంటును నెత్తిన పెట్టుకుని మోయాలి.

అదే 1895 ఆఖరి రోజున అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనే ఆయనకి ఎలక్ట్రిక్ సైకిల్ మీద పేటెంటు వచ్చింది. ఆయనదీ ఒహాయో రాష్ట్రమే. వెనక చక్రం ఇరుసులోనే మోటారు, ఫ్రేము మధ్యలో బ్యాటరీ. బొమ్మ చూస్తే మనం ఆశ్చర్యపోతాం. ఇవాళ దుకాణంలో హబ్ మోటారు అని అమ్ముతున్న సైకిలుకీ దానికీ అమరికలో పెద్ద తేడా లేదు. పేటెంటులో చెప్పిన బ్యాటరీ 10 వోల్టులది, మోటారు 100 ఆంపియర్ల దాకా తీసుకోగలదు. రెండూ గుణిస్తే 1000 వాట్లు. మన దేశ నిబంధనల ప్రకారం, ఇంకొన్ని షరతులతో, 250 వాట్లు దాటని మోటారూ గంటకు 25 కిలోమీటర్లు దాటని వేగమూ ఉంటేనే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. అంటే 1895 నాటి కాగితం మీది మోటారు మన సైకిలు మోటారుకు నాలుగింతలు. మరి ఆ సైకిలు అప్పుడే ఎందుకు రోడ్ల మీద నిండలేదు? 100 ఆంపియర్లు ఇస్తూ కొంతదూరం పోగల బ్యాటరీని ఆనాటి సీసంతో చేస్తే, సైకిలు తొక్కేవాడు సైకిలును మోయాల్సి వచ్చేది.

1896 ఆగస్టులో న్యూయార్కు దగ్గర విద్యుత్ కంపెనీల సమావేశం జరిగింది. అక్కడ ఎడిసన్‌కి ఒక యువ ఇంజనీరును పరిచయం చేశారు. పెట్రోలుతో నడిచే బండి ఒకటి సొంతంగా తయారు చేశాడని చెప్పారు. అతను డెట్రాయిట్లో ఎడిసన్ పేరుతోనే ఉన్న విద్యుత్ కంపెనీలో ప్రధాన ఇంజనీరు, పేరు హెన్రీ ఫోర్డ్. ఎడిసన్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగి, బల్ల గుద్ది మరీ ప్రోత్సహించాడు. తన ఇంధనాన్ని తానే మోసుకుపోయే బండి కావడం అందులోని మేలని ఆయన అభిప్రాయం. విద్యుత్ పితామహుడే పెట్రోలు బండికి దీవెనలిచ్చాడు. అలా దీవించిన మనిషే మూడేళ్లు తిరక్కుండా విద్యుత్ బండికి బ్యాటరీ చేయడానికి పూనుకున్నాడు. ఇందులో వైరుధ్యం ఉందని కొందరంటారు. మేము అలా అనుకోవడం లేదు. పెట్రోలు తేలిక, బ్యాటరీ బరువు అని ఆయన 1896లోనే గుర్తించాడు. 1899లో ఆ బరువు తగ్గించడానికి దిగాడు.

ఇంకో కారణం కూడా ఉంది. 1890లలో ఆయన నాసిరకం ఇనుప ఖనిజం నుంచి అయస్కాంతాలతో ఇనుము వేరుచేసే గని వ్యాపారంలో దిగి, తన ఆస్తిలో పెద్దభాగం పోగొట్టుకున్నాడు. చేతిలో కొత్త పని కావాలి. పైగా ఆ రోజుల్లో విద్యుత్ బండ్లంటే ఆషామాషీ కాదు. 1900లో అమెరికాలో తయారైన 4192 కార్లలో 1681 ఆవిరివి, 1575 విద్యుత్తువి, పెట్రోలువి 936 మాత్రమే. ఏది గెలుస్తుందో ఎవరూ చెప్పలేని కాలం. రాత్రిళ్లు బండ్లకు చార్జింగు పెడితే విద్యుత్ కేంద్రాలకు ఆ సమయంలో కూడా గిరాకీ దొరుకుతుంది. ఈ లెక్క ఎడిసన్‌కి తెలియకుండా ఉండదు.

అప్పటి బండ్లలో ఉన్నది సీసం బ్యాటరీ. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం. ఒక్కో సెల్‌కి 2 వోల్టులు, అడిగిన వెంటనే భారీగా కరెంటు ఇస్తుంది. ఇవి మంచి గుణాలు. సీసం బరువు, ఆమ్లం చుట్టూ ఉన్నవాటిని తినేస్తుంది, పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే పలకలు పాడవుతాయి. ఇవి చెడ్డవి. ఎడిసన్ ఆమ్లాన్నే వద్దనుకున్నాడు. దాని బదులు క్షారం, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం. అందులో ఏ రెండు లోహాలు వేస్తే చెడిపోకుండా వందలసార్లు నిండి వందలసార్లు ఖాళీ అవుతాయి? ఇదీ ప్రశ్న. రాగి, కాడ్మియం, కోబాల్టు, ఇంకా ఏవేవో ప్రయత్నించి, చివరికి ఒకవైపు నికెల్, మరోవైపు ఇనుము దగ్గర నిలిచాడు.

ఇక్కడ న్యాయంగా ఇంకో పేరు చెప్పాలి. స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ అనే శాస్త్రవేత్త అదే సమయంలో అదే దారిలో నడుస్తున్నాడు. 1899లో నికెల్-కాడ్మియం బ్యాటరీ చేశాడు. కాడ్మియం స్థానంలో ఇనుము పెట్టి కూడా చూశాడు. చార్జింగులో వాయువులు ఎక్కువ వస్తున్నాయనీ సామర్థ్యం తక్కువనీ దాన్ని పక్కనపెట్టాడు. ఆయనకీ ఎడిసన్‌కీ పేటెంట్ల తగాదా నడిచింది. డబ్బు, పేరు రెండూ ఎడిసన్ వైపే ఉన్నాయి. ఒక ఆవిష్కరణను ఒక్క మనిషికే రాసిచ్చే అలవాటు మన పుస్తకాలకు ఎక్కువ. ఈ బ్యాటరీ విషయంలోనైనా ఇద్దరి పేర్లూ కలిపి చెప్పుకోవాలి.

1901లో ఎడిసన్ స్టోరేజ్ బ్యాటరీ కంపెనీ పెట్టారు. నికెల్ కోసం ఆయన కెనడాలోని సడ్‌బరీ ప్రాంతానికి స్వయంగా వెళ్లి ఫాల్కన్‌బ్రిడ్జి దగ్గర గొయ్యి తవ్వించాడు. ఊబి ఇసుక అడ్డుపడి 1903లో వదిలేశారు. ఆ కింద నికెల్ ఉన్న మాట నిజమేనని తరవాతివాళ్లు తవ్వి తెలుసుకున్నారు. ఇక పత్రికల వాళ్లకు ఆయన చెప్పే మాటలు పనికంటే ముందు పరుగెత్తేవి. బ్యాటరీ అయిపోయినట్టే, సీసం రోజులు చెల్లినట్టే అన్న ప్రకటనలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. బ్యాటరీ ఒక చార్జికి ఇంతదూరం పోతుందని ముందే ఊదరగొట్టే ఆచారం ఇప్పటిది కాదన్నమాట.

ఇ రకం అని పిలిచిన ఆ మొదటి బ్యాటరీ 1903లో తయారై అమ్మకానికి వచ్చింది. డెలివరీ బండ్లు నడిపే వ్యాపారులు ఇష్టంగా కొన్నారు. కొన్నాళ్లకు ఫిర్యాదులు మొదలయ్యాయి. సెల్ డబ్బాలు అతుకుల దగ్గర కారుతున్నాయి. అంతకంటే పెద్ద లోపం, వాడేకొద్దీ కొన్ని సెల్స్ నిల్వశక్తి పడిపోతోంది. నిరుడు ఒక చార్జితో పోయిన దూరం ఈ ఏడు పోవడం లేదు. కంపెనీలో చాలామంది అమ్మకం ఆపొద్దన్నారు. ఎంతైనా సీసం కంటే మేలే కదా అన్నది వాళ్ల వాదన, గిరాకీ కూడా ఉంది. ఎడిసన్ 1904 ఆఖరున ఫ్యాక్టరీ ఆపించి, లోపమున్న బ్యాటరీలు వెనక్కి తీసుకున్నాడు. పత్రికల ముందు గొప్పలు చెప్పుకున్న మనిషే ఈ పని చేశాడు. ఆయన్ని గౌరవించాలంటే బల్బు కంటే ఈ నిర్ణయం చాలు మాకు.

ఆ తరవాత సుమారు ఐదేళ్లు అమ్మకం లేదు, ఖర్చు ఉంది. ప్రయోగాల సంఖ్య తొమ్మిది వేలు దాటిన రోజుల్లో, ఆయన మిత్రుడు వాల్టర్ మాలరీ చూడడానికి వచ్చాడట. ఇంత కష్టపడినా ఫలితం దక్కలేదని బాధపడబోతే, పనికిరాని పద్ధతులు ఇన్ని వేలు తెలిశాయి కదా అన్న అర్థం వచ్చేలా ఎడిసన్ నవ్వేశాడట. ఈ కథను చాలాచోట్ల బల్బుకు తగిలించి చెబుతారు. నిజానికి ఇది బ్యాటరీ నాటిది.

లోపం ఎక్కడుందో చివరికి దొరికింది. నికెల్ వైపు వాడే నికెల్ హైడ్రాక్సైడ్ కరెంటును సరిగా పోనివ్వదు. అందుకని అందులో మొదట గ్రాఫైటు కలిపేవారు. వాడకంలో పదార్థం ఉబ్బి, తగ్గి, గ్రాఫైటుతో పట్టు వదిలేసేది. దాని బదులు ఎడిసన్ నికెల్ రేకులు పెట్టాడు. ఆ రేకులు చేసిన తీరు మాకు బాగా నచ్చింది. ఒక లోహపు స్తంభం మీద విద్యుత్ పూతతో రాగి పొర, దాని మీద నికెల్ పొర, మళ్లీ రాగి, మళ్లీ నికెల్, ఇలా పూతరేకుల్లా పొర మీద పొర వేసేవారు. తరవాత ఆ పట్టును ఊడదీసి ముక్కలు చేసి, రాగిని మాత్రం కరిగించేవారు. మిగిలేవి గాలికి ఎగిరిపోయేంత పలచని నికెల్ రేకులు. రంధ్రాలున్న ఉక్కు గొట్టంలో ఒక వరస నికెల్ హైడ్రాక్సైడ్, ఒక వరస రేకులు, ఇలా వందల పొరలు దట్టించి నింపేవారు. ద్రావణంలో కొంచెం లిథియం హైడ్రాక్సైడ్ కూడా కలిపారు. దానితో నిల్వశక్తి పెరిగింది. ఇది ఇప్పటి లిథియం-అయాన్ బ్యాటరీ కాదు, రెంటికీ పనిచేసే తీరు వేరు. ఆ లోహం మాత్రం బ్యాటరీలోకి అప్పుడే అడుగుపెట్టింది.

ఎ రకం అనే ఈ కొత్త బ్యాటరీని ఎత్తు నుంచి కింద పడేసి చూశారు, గతుకుల్లో బండ్ల మీద వేల మైళ్లు తిప్పారు. 1910 నాటికి అమ్మకాలు జోరందుకున్నాయి. అప్పట్లో పేరున్న విద్యుత్ కారు డెట్రాయిట్ ఎలక్ట్రిక్. 1911 నుంచి అందులో మామూలు సీసం బ్యాటరీ కాకుండా ఎడిసన్ బ్యాటరీ కావాలంటే 600 డాలర్లు అదనం. 1914లో ఒక ఫోర్డ్ మోడల్ టి కారు మొత్తం అంతకన్నా తక్కువకే వచ్చేది. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ వాళ్ల ప్రకటన, ఒక చార్జికి 80 మైళ్లు అని. ఒక పరీక్షలో మాత్రం ఆ కారు 211 మైళ్లు, అంటే సుమారు 340 కిలోమీటర్లు పోయింది. గరిష్ఠ వేగం గంటకు 20 మైళ్లు.

80 ఎక్కడ, 211 ఎక్కడ? రెండూ అబద్ధాలు కావు. మా ప్రాజెక్టుకు ఇదే తాళంచెవి అయింది. దాన్ని సైకిలు లెక్కలోకి తెచ్చి చూద్దాం. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 360 వాట్-అవర్ల శక్తి. చదును రోడ్డు మీద తొక్కకుండా మోటారుతోనే పోతే కిలోమీటరుకు 10 నుంచి 12 వాట్-అవర్లు అవుతాయనుకుంటే, 30 నుంచి 36 కిలోమీటర్లు. ఇప్పుడు 5 శాతం ఎత్తు దారి వచ్చిందనుకోండి, అంటే 100 మీటర్లకు 5 మీటర్లు పైకి. మనిషి, సైకిలు కలిసి 90 కిలోలైతే ఒక్క కిలోమీటరు ఎక్కడానికి అదనంగా 12 వాట్-అవర్లు చక్రం దగ్గరే కావాలి. మోటారులో నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. దారంతా ఎక్కుడే అయితే ఆ 30 కిలోమీటర్లు సగానికంటే కిందికి పడిపోతాయి. అదే చదును మీద నెమ్మదిగా, పెడల్ తొక్కుతూ పోతే రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. మోటారు అదే, బ్యాటరీ అదే. వాట్లు మోటారు గుణం, వాట్-అవర్లు బ్యాటరీ గుణం, కిలోమీటర్లు మాత్రం దారినీ వేగాన్నీ తొక్కేవాడి కాళ్లనూ బట్టి వస్తాయి. రెండు సైకిళ్లను పోల్చేవాళ్లు కిలోమీటర్ల అంకె పక్కనపెట్టి ముందు వాట్-అవర్లు అడగాలి.

అదే 36 వోల్టులకు సీసం సెల్స్ అయితే 18 కావాలి. లిథియం-అయాన్ సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు కాబట్టి 10 చాలు. ఎడిసన్ సెల్ ఇచ్చేది 1.2 వోల్టులే, కాబట్టి 30 కావాలి. ఇవాళ 360 వాట్-అవర్లకు సీసం బ్యాటరీ 10 కిలోల పైన తూగుతుంది, లిథియం-అయాన్‌ది సుమారు 3 కిలోలు. ఎడిసన్ బ్యాటరీ బరువులో సీసాన్ని కొంత గెలిచిందే తప్ప ఆయన కలలుగన్నంత గెలవలేదు. దాని అసలు బలం ఆయుష్షులో ఉంది. పూర్తిగా ఖాళీ చేసినా, ఎక్కువ చార్జి పెట్టినా, నెలల తరబడి వాడకుండా వదిలేసినా చెక్కుచెదరదు.

బలహీనత ఇంకోచోట బయటపడింది. ప్రతి బ్యాటరీకీ అంతర్నిరోధం అని ఒకటి ఉంటుంది. పెద్ద బానలో నీళ్లెన్ని ఉన్నా మూతి సన్నమైతే ధార సన్నగానే వస్తుంది కదా, అలాంటిది. ఎడిసన్ బ్యాటరీకి అంతర్నిరోధం ఎక్కువ. నిదానంగా తోడుకుంటే రోజంతా ఇస్తుంది, ఒక్కసారిగా అడిగితే వోల్టేజి కుంగిపోతుంది. చలిలో మరీ మొండికేస్తుంది. సైకిలు ఆగివున్నచోటు నుంచి కదిలేటప్పుడూ గట్టు ఎక్కేటప్పుడూ మోటారు అడిగేది ఇలాంటి ఒక్కసారి కరెంటునే. మోటారు మందంగా ఉందని మనం తిట్టుకునే సందర్భాల్లో తప్పు తరచు బ్యాటరీదే.

1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ చేసిన విద్యుత్ స్టార్టరు వచ్చింది. అంతకుముందు పెట్రోలు కారు కదలాలంటే ముందు నిలబడి ఇనుప కడ్డీ తిప్పాలి. ఇంజను ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. ఆ భయంతోనే చాలామంది విద్యుత్ కార్లు కొనేవాళ్లు. హెన్రీ ఫోర్డ్ భార్య క్లారా కూడా తిరిగింది డెట్రాయిట్ ఎలక్ట్రిక్‌లోనే. ఇప్పుడు ఒక చిన్న మోటారు, ఒక బ్యాటరీ ఆ కష్టం తీర్చేశాయి. ఆ బ్యాటరీ సీసానిది. రెండు క్షణాలు భారీ కరెంటు ఇచ్చి ఊరుకోవడం సీసానికి వెన్నతో పెట్టిన విద్య. ఎడిసన్ బ్యాటరీకి చేతకానిది సరిగ్గా అదే. ఎలక్ట్రిక్ కారును వెనక్కి నెట్టింది ఒక ఎలక్ట్రిక్ మోటారూ, ఎడిసన్ పదేళ్లు పోరాడిన సీసమూ కలిసి.

అయినా ఎడిసన్, ఫోర్డ్ అప్పటికి ప్రాణస్నేహితులు. ఇద్దరూ కలిసి చవక విద్యుత్ కారు తెస్తారని 1914 జనవరిలో పత్రికల్లో వచ్చింది. ఒకటి రెండు నమూనా బండ్లు తయారయ్యాయి. కారు మాత్రం బజారుకు రాలేదు. 1908లో 850 డాలర్లున్న మోడల్ టి ధర తగ్గుతూ ఉంటే, దాని పక్కన నిలబడగల ధరలో నికెల్ బ్యాటరీ బండి చేయడం జరిగే పని కాదు. 1914 డిసెంబరు 9న వెస్ట్ ఆరెంజిలో ఎడిసన్ ఫ్యాక్టరీ భవనాలు చాలా వరకు మంటల్లో పోయాయి. అప్పుడాయనకు 67 ఏళ్లు. కొన్ని వారాల్లోనే మళ్లీ పని మొదలుపెట్టించాడు.

ఇంకో దెబ్బ 1916 జనవరిలో తగిలింది. నీటి కింద ఆమ్లపు బ్యాటరీలోకి సముద్రపు నీరు చేరితే విషవాయువు వస్తుంది కాబట్టి, జలాంతర్గాములకు క్షారపు బ్యాటరీయే క్షేమమని ఎడిసన్ మనుషులు నౌకాదళాన్ని ఒప్పించారు. ఇ-2 అనే జలాంతర్గామిలో వాటిని అమర్చారు. న్యూయార్కు నౌకాస్థావరంలో ఆగి ఉండగానే బ్యాటరీల నుంచి వెలువడిన హైడ్రోజన్ పేరుకుని పేలింది. మనుషులు చనిపోయారు. ఇనుప సెల్స్‌లో వాయువు ఎక్కువ వస్తుందని యుంగ్నర్ ఎప్పుడో గమనించిన లోపమే ఇది. ఎడిసన్ వైపు వాళ్లు తప్పు గాలి సరిగా ఆడనివ్వనివాళ్లదన్నారు, నౌకాదళం బ్యాటరీదంది. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఆ వాదన ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇప్పటి ఎలక్ట్రిక్ సైకిలు కొనేటప్పుడు కూడా కిలోమీటర్ల తరవాత అడగాల్సిన ప్రశ్న ఇదే: చార్జి అయ్యేటప్పుడు వేడిని, సెల్స్ మధ్య తేడాలను గమనించే ఏర్పాటు ఇందులో ఉందా అని.

కార్ల కోసం పుట్టిన బ్యాటరీ కార్లలో ఓడిపోయి, ఇతరచోట్ల నిలబడింది. రైలు పెట్టెల దీపాలు, రైల్వే సిగ్నళ్లు, గని కార్మికుల తలదీపాలు, ఫ్యాక్టరీల్లో సామాన్లు లాగే బండ్లు. వీటికి ఒక్కసారిగా ఉరకాల్సిన పని లేదు, ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెం ఇస్తే చాలు. ఎడిసన్ చివరి రోజుల్లో ఆయనకు బాగా లాభాలు తెచ్చిన సరుకుల్లో ఈ బ్యాటరీ ఒకటి. 1093 అమెరికన్ పేటెంట్లు సంపాదించిన ఆయన, ఆఖరి ఏళ్లలో అమెరికాలో పెరిగే ఒక కలుపు మొక్క నుంచి రబ్బరు తీసే ప్రయత్నంలో ఉండగా, 1931 అక్టోబరు 18న వెస్ట్ ఆరెంజిలో కన్నుమూశాడు.

బ్యాటరీ ఆయన తరవాత కూడా 40 ఏళ్లకు పైగా తయారైంది. 1972లో ఆ కంపెనీని అమెరికాలోని ఎక్సైడ్ సంస్థ కొన్నది. సీసం బ్యాటరీలకు పేరుపడ్డ ఆ సంస్థే 1975లో ఎడిసన్ బ్యాటరీ తయారీని ఆపేసింది.